పైలట్ల లైసెన్సులకు కరోనా పరీక్ష

కరోనా వ్యాప్తిని అరికట్టేందుకు 2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశీయ ప్రయాణికుల విమానాలను కేంద్ర ప్రభుత్వం నిలిపివేసింది. సరుకు రవాణా విమానాలకు, రోగులను తరలించే విమానాలకు, డీజీసీఏ ప్రత్యేకంగా అనుమతించిన వాటికి మాత్రం మినహాయింపు లభించింది. మార్చి 26 నుంచి 'లైఫ్‌లైన్ ఉడాన్' పేరిట మందులు, పరీక్ష కిట్లు మారుమూల ప్రాంతాలకు చేరాయి.

అయితే ఈ అత్యవసర విమానాలను నడిపేందుకు లైసెన్సు ఒక్కటే చాలదు. పైలట్ గడచిన 90 రోజుల్లో అదే రకం విమానంపై కనీసం మూడుసార్లు టేకాఫ్, మూడుసార్లు ల్యాండింగ్ చేసి ఉండాలి. ఆమోదం పొందిన సిమ్యులేటర్‌పై చేసినా చెల్లుతుంది. వైద్య ధ్రువపత్రమూ అమల్లో ఉండాలి. వాణిజ్య పైలట్లకు దాని గడువు సాధారణంగా ఏడాది. 60 ఏళ్లు దాటితే ఆరు నెలలే. విమానాలు నేలపై నిలిచిపోయినా ఈ గడువులు ఆగవు. సిమ్యులేటర్ కోసం మరో నగరానికో, మరో దేశానికో వెళ్లవలసిన వారికి ఆ దారీ మూసుకుపోయింది.

దీంతో పలు దేశాలు గడువులను తాత్కాలికంగా పొడిగించాయి. 2020 మార్చి 31, మే 31 మధ్య ముగిసే వైద్య ధ్రువపత్రాలు జూన్ 30 వరకు చెల్లుతాయని అమెరికా ప్రకటించింది. ఒక దేశం ఇచ్చిన సడలింపు సంగతి ఆ పైలట్ దిగబోయే దేశానికీ తెలియాలి కదా! అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఈ సడలింపుల నమోదుకు ప్రత్యేక ఏర్పాటు చేసింది.

దేశీయ సర్వీసులు 2020 మే 25న, ఆంధ్రప్రదేశ్‌లో మరునాడు పునఃప్రారంభమయ్యాయి. అంతర్జాతీయ షెడ్యూల్డ్ సర్వీసులకు 2022 మార్చి 27 వరకు ఆగవలసి వచ్చింది.