మెతుకుసీమలో అలంకారశాస్త్రం, వాదవిద్య

మెతుకుసీమలో, మెదక్ పట్టణానికి దగ్గరలో, కొల్చారం అనే ఊరుంది. పాత పేరు కొలిచెలమ. రఘువంశమో కుమారసంభవమో చేతపట్టిన విద్యార్థి కాశీలో ఉన్నా, కంచిలో ఉన్నా, ఈ ఊరివాడు రాసిన వ్యాఖ్య లేకుండా ముందుకు సాగడం అరుదు. ఆ వ్యాఖ్యాత మల్లినాథసూరి. ఊరి పేరే ఇంటిపేరైంది కనుక గ్రంథాల్లో ఆయన కోలాచల మల్లినాథుడు. 14వ శతాబ్ది చివర, 15వ శతాబ్ది మొదట జీవించాడని పండితులు నిర్ణయించారు.

అప్పటికి ఓరుగల్లు పడిపోయి కొన్ని దశాబ్దాలైంది. 1323లో కాకతీయ రాజ్యం కూలినా, ఆ ఆస్థానం పెంచిన చదువు పల్లెల్లోని పండిత కుటుంబాల్లో నిలిచింది. కోలాచల వంశం అలాంటిదే. మల్లినాథుడి తాత పేరూ మల్లినాథుడే. ఆయన శతావధాని అనీ, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి సత్కారం పొందాడనీ ఆ వంశంవారు రాసుకున్నారు. ఆ రాజు పేరు మీదే విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రచించాడు. నాయకుడు, రసం, దోషం, గుణం, అలంకారం అంటూ ప్రతి లక్షణాన్నీ నిర్వచించి, ఉదాహరణ శ్లోకాన్ని రాజు మీదే అల్లిన శాస్త్రగ్రంథమిది. తెలుగునాట అలంకారాలు నేర్చినవారికి చాలా తరాలపాటు ఇదే పాఠ్యపుస్తకం.

లక్షణం, దాని వెంట ఉదాహరణ అనే ఈ పద్ధతిలో ఒక లోటుంది. ఉదాహరణ కోసమే పుట్టిన శ్లోకంలో అలంకారం తేలిగ్గా దొరుకుతుంది. నిజమైన కావ్యంలో అది కథలో, వాదంలో, పాత్ర స్వభావంలో కలిసిపోయి ఉంటుంది. అక్కడ దాన్ని గుర్తుపట్టడం నేర్పినవాడు మల్లినాథుడు. కాళిదాసు మూడు కావ్యాలకు సంజీవని, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుడి శిశుపాలవధకు సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు ఆయన వ్యాఖ్యలు. సంజీవని పేరులోనే వైద్యం ఉంది. చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును ఈ టీక లేపి కూర్చోబెడుతుందని ఆయన మొదట్లోనే ప్రకటించాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కూడా అక్కడే మాటిచ్చాడు.

ఆ మాట నిలబెట్టుకున్న తీరు ఏ శ్లోకం దగ్గరైనా కనిపిస్తుంది. ముందు పదాలను అన్వయక్రమంలో పెడతాడు. అర్థం చెప్పి, అమరం, విశ్వం, యాదవం వంటి కోశాల్లోంచి సాక్ష్యం చూపుతాడు. సమాసం విడదీస్తాడు, వ్యాకరణ సూత్రం పేర్కొంటాడు, చివరికి అలంకారం పేరు చెబుతాడు. కొన్నిచోట్ల దాని లక్షణం కూడా ఉదహరిస్తాడు. కావ్యం శరీరధర్మాన్ని తాకినప్పుడు సాక్ష్యం వైద్యగ్రంథం నుంచి వస్తుంది. రఘువంశం మూడో సర్గలో గర్భవతి అయిన సుదక్షిణ నీరసించి, నగలు తగ్గించుకుని, ముఖం పాలిపోయి ఉంటుంది. ఈ వర్ణన దగ్గర మల్లినాథుడు వైద్యాచార్యుడు వాగ్భటుడు చెప్పిన గర్భలక్షణాలను ఎదురుగా పెడతాడు. కవి అందం కోసం చెప్పిన మాట వైద్యుడి పరిశీలనకు సరిపోతుందని పాఠకుడికి అక్కడికక్కడే తేలిపోతుంది.

కావ్యంలో, వాదంలో కలిసిపోయిన అలంకారాన్ని గుర్తుపట్టే ఈ చదువుకు అన్నిటికన్నా మంచి పాఠం శిశుపాలవధ రెండో సర్గ. శిశుపాలుడి మీదికి దండెత్తాలా, ధర్మరాజు యాగానికి వెళ్ళాలా అని కృష్ణుడు, బలరాముడు, ఉద్ధవుడు ఆలోచన చేసే ఘట్టమది. సర్గంతా వాదమే. ముగ్గురూ తమ మాటకు బలంగా రోగాన్నే తెచ్చుకుంటారు. పెరుగుతున్న శత్రువూ, పెరుగుతున్న వ్యాధీ ఒకటే, మేలు కోరేవాడు ఉపేక్షించరాదని కృష్ణుడంటాడు. దండంతో లొంగాల్సిన వాడికి సామం చెప్పడం, చెమట పట్టించాల్సిన ఆమజ్వరం మీద నీళ్ళు చల్లడమేనని బలరాముడి వాదన. ఉద్ధవుడు తొందర వద్దంటాడు. శిశుపాలుడు ఒక్కడే కదా అనుకోవద్దు, రాజయక్ష్మ (క్షయ) అనేక రోగాల గుంపు అయినట్టు అతడు అనేక రాజుల గుంపు అని హెచ్చరిస్తాడు. రాజయక్ష్మ వెంట ఎన్నో రోగాలు నడుస్తాయన్నది వాగ్భటుడి మాట కూడా. ఒకే రంగం నుంచి తెచ్చిన పోలికలు యుద్ధానికీ, ఓర్పుకీ, రెండింటికీ పనికొచ్చాయి. ఉద్ధవుడి పోలికదే పైచేయి, ఎందుకంటే అది శత్రువు బలాన్ని కొలిచి చూపుతుంది. బలరాముడిది కోపాన్ని సమర్థిస్తుంది. పోలిక అందంగా ఉన్నంత మాత్రాన వాదం గెలవదని ఈ సర్గ చదివిన విద్యార్థికి తెలుస్తుంది.

పోలిక ఎప్పుడు ప్రమాణమవుతుంది, ఎప్పుడు కాదు అన్నది న్యాయశాస్త్రం పని. మల్లినాథుడు అక్కడా పని చేశాడు. వరదరాజు తార్కికరక్షకు నిష్కంటక అనే వ్యాఖ్య రాశాడు. ప్రమాణాలు, జాతులు అనే తప్పుడు ప్రత్యుత్తరాలు, వాది ఓడిపోయే నిగ్రహస్థానాలు ఆ గ్రంథంలోని విషయం. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే అయిదు అవయవాలతో వాక్యం కడితేనే వాదం. ఉదాహరణ ఒక్కటే ఉంటే చాలదు, హేతువు కావాలి. వైద్యులకూ ఈ విద్య కొత్త కాదు. చరకసంహిత విమానస్థానం 8వ అధ్యాయం వైద్యులు తమలో తాము చర్చించుకునే పద్ధతిని బోధిస్తుంది. స్నేహంగా సాగే చర్చ వేరు, పంతంతో సాగే చర్చ వేరు అని విభజించి, వాదంలో తెలియాల్సిన 44 అంశాలను వరుసగా చెబుతుంది. రోగికి ఏ మందు ఇవ్వాలో తేల్చేవాడికి వాదం కట్టడం రావాలన్నది ఆ అధ్యాయం ఉద్దేశం.

మల్లినాథుడి వాదవిద్య గ్రంథాలకే పరిమితం కాలేదు. విజయనగరంలో ప్రౌఢదేవరాయల కాలంలో వర్తక సమూహాల వైశ్యత్వం మీద తగవు వచ్చినప్పుడు, ఆయన శాస్త్రాధారాలు పరిశీలించి ఇచ్చిన నిర్ణయమే వైశ్యవంశసుధార్ణవం. పేర్ల అర్థాలు తేల్చి, వాటి మీద తీర్పు నిలిపే ఈ పనికి వ్యాఖ్యాతగా ఆయనకున్న అలవాటు నేరుగా అక్కరకొచ్చింది.

అలంకారశాస్త్రం మీద ఆయన సొంత శ్రమ తరళ. విద్యాధరుడు కళింగ నరసింహుడి పేరున రాసిన ఏకావళికి అది వ్యాఖ్య. మల్లినాథుడి కుమారుడు కుమారస్వామి సోమపీథి ప్రతాపరుద్రీయానికే రత్నాపణం రాశాడు. తాతల నాటి రాజు మీద పుట్టిన గ్రంథాన్ని ఆ ఇంటి పిల్లవాడు వివరించడంతో కాకతీయుల అలంకార పాఠం పూర్తయిందనుకోవచ్చు. ఏకావళి తరళతో 1903లోనూ, ప్రతాపరుద్రీయం రత్నాపణంతో 1909లోనూ బొంబాయిలో కమలాశంకర్ ప్రాణశంకర్ త్రివేది పరిష్కరణలో అచ్చయ్యాయి.