పాత అమెరికా సైనిక రైఫిళ్లు: కొనే ముందు ఏం చూస్తారు, చట్టం ఏమంటోంది?

అమెరికాలో 19వ శతాబ్దపు సైనిక రైఫిళ్లు సేకరించేవాళ్లు చాలామందే ఉన్నారు. అంతర్యుద్ధం (1861-65) ముగిశాక సైన్యం దగ్గర లక్షల తుపాకులు మిగిలిపోయాయి. ఇలాంటి మిగులు ఆయుధాలు కొని అమ్మిన వ్యాపారుల్లో న్యూయార్క్‌కు చెందిన ఫ్రాన్సిస్ బ్యానర్‌మన్ పేరు పెద్దది. సరుకు దాచేందుకు ఆయన 1900లో హడ్సన్ నదిలో ఏకంగా ఒక దీవినే కొన్నాడు. అప్పట్లో చవగ్గా పోయిన సరుకులో మంచివి ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి.

ముఖ్యమైన రకాలు

స్ప్రింగ్‌ఫీల్డ్ 1861: అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం ప్రధాన ఆయుధం. మందు, గుండు మూతి నుంచి దట్టించాలి. ప్రభుత్వ ఫ్యాక్టరీతో పాటు ప్రైవేటు కాంట్రాక్టర్లూ తయారు చేశారు.

ఎన్‌ఫీల్డ్ 1853: బ్రిటిష్ తుపాకీ. అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ దిగుమతి చేసుకున్నాయి. మన దగ్గర 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన కొవ్వు తూటాల గొడవ ఈ రకం తుపాకీదే.

స్ప్రింగ్‌ఫీల్డ్ 1873: వెనక ఉన్న మూత పైకి లేపి తూటా పెడతారు, అందుకే 'ట్రాప్‌డోర్' అంటారు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర కస్టర్ దళం వాడింది దీని పొట్టి రకం, కార్బైన్.

క్రాగ్: 1892లో ఆమోదం పొందింది. పొగ రాని మందుతో పేలే తూటా దీనిది.

మోసం ఎక్కడ?

అసలు కార్బైన్లు తక్కువ, రేటు ఎక్కువ. అందుకే పొడవు రైఫిల్ గొట్టం కోసి కార్బైన్ అని అంటగడతారు. లాక్ మీద గద్ద గుర్తు, సంవత్సరం, సీరియల్ నంబర్, కట్ట మీద ఇన్‌స్పెక్టర్ ముద్ర ఒకదానితో ఒకటి సరిపోవాలి. పాత రంగు పోయేలా తళతళా రుద్దినా విలువ పడిపోతుంది.

ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

మూతి నుంచి దట్టించే తుపాకుల్లో పాత మందు ఇంకా ఉండిపోవచ్చు. గొట్టంలోకి కడ్డీ దించి, లోతును బయట గొట్టం పొడవుతో పోల్చి చూస్తారు. తేడా వస్తే తుపాకీ పని తెలిసినవాళ్లకే అప్పగించాలి. నల్లమందు కోసం చేసిన తుపాకీలో నేటి బలమైన తూటాలు పేలిస్తే అది పగిలిపోవచ్చు.

చట్టం

అమెరికా 1968 చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ 'పురాతనం' కిందకు వస్తుంది. అందుకే క్రాగ్‌కు తయారీ సంవత్సరం కీలకం: కొన్ని ఈ గీతకు ఇవతల, కొన్ని అవతల. రాష్ట్రాల రూల్స్ వేరుగా ఉంటాయి.

భారత్‌లో లెక్క వేరు. 1959 ఆయుధాల చట్టంలో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది. కానీ రిపేరు చేసినా పేలనిదైతేనే అది వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు 'పాత వస్తువే కదా' అని సూట్‌కేసులో పెట్టుకుని వస్తే కేసులో ఇరుక్కోవచ్చు.