రేసింగ్ కాటమరాన్

రేసింగ్ కాటమరాన్ అనగా సమాంతరంగా ఉండే రెండు సన్నని పడవ దేహాలను అడ్డదూలాలతో కలిపి పందేల కొరకు నిర్మించిన తెరచాప పడవ. దేహాల నడుమ బిగించిన గట్టి వలగుడ్డను ట్రాంపొలిన్ అంటారు. నావికులు కూర్చునేది దీనిపైనే. ఈ పడవకు నిలకడ అడుగున మోసే బరువు వలన కాక, వెడల్పు వలన లభిస్తుంది.

పేరు, చరిత్ర

ఈ పేరు "కట్టుమరం" అను తమిళ పదం నుండి వచ్చినది. కట్టుమరం దుంగలను కలిపి కట్టినది. ఆంధ్ర తీరంలో తెప్ప అనేది ఇటువంటి దానినే. దానికి విడివిడిగా రెండు దేహాలు ఉండవు కనుక పేరు మాత్రమే ఇక్కడిది. రూపం పసిఫిక్ దీవుల జంట దోనెలకు దగ్గర. 1876లో అమెరికాకు చెందిన నథానియెల్ హెరెషాఫ్ నిర్మించిన అమరిల్లిస్ న్యూయార్క్ పందెంలో మిగిలిన పడవలను సులభంగా ఓడించినది. ఫలితంగా అటువంటి పడవలను ఆ పోటీల నుండి మినహాయించారు.

ఒలింపిక్ క్రీడలలో 1976 నుండి 2008 వరకు టోర్నడో తరగతి ఉండేది. 2012లో కాటమరాన్ పోటీ లేదు. 2016 నుండి ఒక స్త్రీ, ఒక పురుషుడు కలిసి నడిపే నాక్రా 17 ప్రవేశించినది. టోక్యో క్రీడల నుండి ఇది నీటిలోని రెక్కల సాయంతో నీటిపైకి లేచి పయనిస్తున్నది.

బరువు, ఎంపిక

పడవను ఎంచుకొనుటలో వేగం కంటె ముందు చూడవలసినది నావికుల మొత్తం బరువు. గాలి తెరచాపను ఒకవైపుకు ఒరగదోస్తుంది. నావికులు ట్రాపీజ్ తీగకు వేలాడి, గాలి వచ్చే వైపు దేహం అంచున నిలబడి దానిని ఎదుర్కొంటారు. తేలికైన జంట బలమైన గాలిలో తెరచాపను వదులు చేయక తప్పదు, దానితో వేగం పోతుంది. బరువైన జంట ఉన్నప్పుడు దేహాలు నీటిలో ఎక్కువగా మునుగుతాయి, కనుక మందగాలిలో వారు వెనుకబడతారు.

ఫార్ములా 18 నియమాలు ఈ తేడాను తగ్గించేందుకు ప్రయత్నిస్తాయి. తేలికైన జంటలు చిన్న ముందు తెరచాపను, చిన్న స్పిన్నేకర్‌ను వాడి, అదనపు బరువును మోస్తారు. అయితే ఈ పడవ కనీస బరువే 180 కిలోలు. ఒడ్డున ఇద్దరే లాగుట కష్టం. ఒంటరి నావికునికి ఏ-క్లాస్ తగినది: 5.49 మీటర్ల పొడవు, కనీస బరువు 75 కిలోలు. అయితే ఇది సున్నితమైనది, ఖరీదైనది. హోబీ 16కు నీటిలోనికి దించే డాగర్‌బోర్డులు లేవు. అందుచేత ఇసుక తీరానికి నేరుగా చేరవచ్చును. కాని గాలి వాటులో ముక్కు నీటిలో దిగబడి తలక్రిందులగుట దీనిలో తరచు జరిగేదే.

బోల్తా పడినప్పుడు

బరువు ప్రాణరక్షణకు సంబంధించిన విషయం కూడా. పక్కకు ఒరిగిన పడవను లేపుటకు నావికులు క్రింది దేహంపై నిలబడి, పై దేహం మీదుగా వేసిన తాడును పట్టుకొని వెనుకకు వాలుతారు. ముక్కును గాలివైపు త్రిప్పితే తెరచాప క్రిందుగా దూరిన గాలి కొంత సాయపడుతుంది. బరువు చాలని జంట చల్లని నీటిలో గంటలు గడపవలసి రావచ్చును. తెరచాప కొయ్యలోనికి నీరు చేరితే పడవ పూర్తిగా తలక్రిందులవుతుంది, అప్పుడు లేపుట ఇంకా కష్టం. కొందరు నీటితో నింపిన సంచిని తాడుకు కట్టి బరువు పెంచుకుంటారు.

కొనుటకు ముందు ఒడ్డుకు సమీపంలో, రక్షణ పడవ తోడుగా, కావాలనే బోల్తా కొట్టించి ఇద్దరే లేపగలరేమో చూచుట మంచిది. స్థానిక క్లబ్బులో ఎక్కువగా ఏ తరగతి నడుస్తున్నదో కూడా చూడాలి. వేర్వేరు తరగతులు కలిసి పోటీ చేసినప్పుడు ముందుగా చేరినవారు గెలిచినట్లు కాదు, కాలాన్ని హ్యాండిక్యాప్ ప్రకారం సవరించి విజేతను నిర్ణయిస్తారు.