పుట్టి తొలి పరీక్ష

వేసవి విరామం తర్వాత పుట్టిని మళ్లీ నీటిలోకి దించేటప్పుడు దాని గట్టిదనం చూసుకోవడమే ఈ పరీక్ష. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతానికి దక్షిణపు అంచున, ముక్త్యాల, వేదాద్రిల మీదుగా కృష్ణా నది సాగుతుంది. ఈ నదిపై చేపల వేటకు, రేవు దాటడానికి వాడుతూ వచ్చిన గుండ్రని వెదురు పడవే పుట్టి. దీనికి తెరచాప, చుక్కాని ఉండవు. పూర్వం తోలు కప్పేవారు. తర్వాత ప్లాస్టిక్ పట్టాలు, తారుపూత వచ్చాయి. తుంగభద్రపై హంపి దగ్గర దీని బంధువులు కనిపిస్తాయి, ఇరాక్‌లో టైగ్రిస్ నదిపై కూడా ఒకప్పుడు ఉండేవి.

ఎండకు వెదురు బద్దలు బిగువు తప్పుతాయి, తారు పగుళ్లిస్తుంది. పగుళ్లు పూడ్చాక ఒడ్డు దగ్గరే, లోతులేని చోట తేలుస్తారు. ఎక్కడ చెమ్మ ఊరుతోందో కాసేపు ఓపికగా గమనించాలి. ఈ పనిలో తొందర ప్రాణాంతకం. పుట్టికి ముందూ వెనకా లేవు. తెడ్డును ఎదుట వేసి తనవైపు లాక్కోకపోతే ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. అందుకే చెయ్యి కూడా మళ్లీ అలవాటు పడాలి. ప్రవాహం సంగతీ చూసుకోవాలి. ఈ ప్రాంతానికి ఎగువన 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం ఉంది. దాని గేట్లు ఎత్తితే ప్రవాహం పెరుగుతుంది కాబట్టి ముందుగా ఆ సమాచారం కనుక్కోవడం తప్పనిసరి.