ఏదీ క్లిక్ చేయకుండానే కంప్యూటర్ ఎట్లా పోతది? నెట్‌వర్క్ డ్రైవర్లలో మెమరీ లోపాల సంగతి

కొల్లాపూర్ లాంటి ఊళ్లలో షాదీ కార్డులు కొట్టే డీటీపీ సెంటర్లలో ఒక పాత కంప్యూటర్ తప్పకుండా కనిపిస్తుంది. ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను స్క్రిప్ట్. ఈ రెండింటి పాత వెర్షన్లు కొత్త విండోస్‌లో సతాయిస్తాయని ఎక్స్‌పీనో, విండోస్ 7నో అట్లాగే నడిపిస్తుంటారు. నడుస్తున్నదాన్ని కదిలించుడు ఎందుకన్నది వాళ్ల వాదన. అది తీసిపారేసే మాటేమీ కాదు, కొత్త సాఫ్ట్‌వేర్ ఊరికే రాదు. చిక్కు ఎక్కడంటే, హజ్ దరఖాస్తు కోసం స్కాన్ చేసిన పాస్‌పోర్టులు, ఆధార్ కాపీలు, పట్టాదారు పాస్‌పుస్తకాలు చాలాసార్లు అదే మెషీన్‌లో ఉంటాయి. దానికి నెట్ వైరు కూడా ఉంటుంది.

వైఫై, ల్యాన్ కార్డుల్లాంటి పరికరాలను నడిపించే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. పక్క కంప్యూటర్‌తో ఫైళ్లు, ప్రింటర్ పంచుకునే పనికీ విండోస్‌లో ఒక డ్రైవర్ ఉంది. ఇవి చాలామటుకు ఆపరేటింగ్ సిస్టమ్ నడిగర్భంలో, కెర్నెల్ అనే చోట పనిచేస్తాయి. అక్కడ వాటిని ఆపే పైవాడు ఎవరూ లేరు. బ్రౌజర్ దెబ్బతింటే బ్రౌజర్ మూతపడుతుంది. కెర్నెల్‌లో డ్రైవర్ దెబ్బతింటే మొత్తం కంప్యూటర్ ఆగిపోతుంది, లేదంటే పరాయివాళ్ల చేతికి పోతుంది. పైగా నెట్‌వర్క్ డ్రైవర్ పనే బయటినుంచి వచ్చే డేటాను మొదట అందుకోవడం. మనిషి ఏ లింకూ నొక్కకముందే అది ఆ డేటాను చదివేసి ఉంటుంది.

ఈ డ్రైవర్లను ఎక్కువగా సీ భాషలో రాస్తారు. అందులో వచ్చిన డేటాకు మెమరీలో ఎంత చోటు కావాలో లెక్క చూసుకునే బాధ్యత రాసినవాడిదే. లెక్క తప్పితే డేటా తన చోటు దాటి పక్కనున్నదాని మీద పడుతుంది. ఆ పొంగిపోయే డేటాను ఎవరైనా కావాలని తయారుచేసి పంపితే, అది తాళంచెవి అవుతుంది.

2017లో జరిగింది ఇదే. విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్. దాన్ని నడిపే డ్రైవర్‌లో ఒక అంకె 32 బిట్లలో ఉండాలి. దాన్ని తగ్గించేటప్పుడు కోడ్ కింది 16 బిట్లనే మార్చింది. మామిడి వ్యాపారి పద్దుతో చూస్తే సులువు. పుస్తకంలో లక్ష కాయలని, 1,00,000 అని ఉంది. 200 కాయలు పాడైతే 99,800 అని రాయాలి. గుమాస్తా ముందున్న ఒకటిని కొట్టేయకుండా, వెనుక ఐదు అంకెలు మాత్రమే దిద్దాడు. పద్దు 1,99,800 అయింది. ఇటు గోదాములో చోటు మాత్రం 99,800 కాయలకే కట్టారు. ఆ పద్దు నమ్మి సరుకు దించితే ఏమవుతుందో అదే ఆ డ్రైవర్ మెమరీలో అయింది.

ఈ లోపాన్ని అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ ఎటర్నల్‌బ్లూ పేరుతో రహస్యంగా వాడుకుంది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న మరమ్మతు విడుదల చేసింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే గుంపు ఆ ఆయుధాన్ని బయట పెట్టింది. మే 12న వన్నాక్రై మొదలైంది. 150కి పైగా దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. మరమ్మతు వచ్చి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. ఎక్స్‌పీకి సపోర్టు 2014లోనే ఆగిపోయినా, ఈ దెబ్బ చూసి మైక్రోసాఫ్ట్ దానికి కూడా ప్రత్యేకంగా మరమ్మతు ఇవ్వాల్సి వచ్చింది. వైరస్ వ్యాప్తి తగ్గింది మాత్రం మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ కుర్రాడి వల్ల. వైరస్ కోడ్‌లో కనిపించిన ఒక వెబ్ చిరునామాను ఆయన తన పేర కొన్నాడు. ఆ చిరునామా బతికుంటే వైరస్ ముందుకు కదలదు.

ఫోన్లకు ఇది పట్టదనుకోవద్దు. అదే ఏడాది జులైలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులో బ్రాడ్‌పాన్ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఆ చిప్పులు ఉన్నాయి. 2024 జూన్‌లో విండోస్ వైఫై డ్రైవర్‌లో మరొకటి దొరికింది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, దాడి చేసేవాడు వైఫై అందేంత దగ్గర్లో ఉంటే చాలు. రెండింటికీ అప్‌డేట్లు వచ్చాయి. వేసుకున్నవాళ్లకే అవి పనికొచ్చాయి.

తమ సాఫ్ట్‌వేర్‌లో ఏటా దిద్దే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. అందుకే ఇప్పుడు రస్ట్ భాష వైపు చూపు మళ్లింది. చోటు దాటే రాతను అది చాలామటుకు ముందే పట్టుకుంటుంది. 2022 చివర్లో లైనక్స్ కెర్నెల్‌లోకి రస్ట్ వచ్చింది. 2024లో ఆ భాషలో రాసిన మొదటి నెట్‌వర్క్ డ్రైవర్ కూడా చేరింది. అయితే లక్షల లైన్ల పాత సీ కోడ్ ఇంకా అట్లాగే ఉంది, ఏళ్లపాటు ఉంటుంది.

విండోస్ 7కు సపోర్టు 2020 జనవరి 14న, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిశాయి. ఇన్‌పేజ్ కోసం పాత మెషీన్ తప్పదంటే ఉంచుకోవచ్చు. దాని నెట్ వైరు, వైఫై తీసేసి, ఫైళ్లను స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్‌లో చేరవేయడం మేలు. అప్‌డేట్ వచ్చే వేరే కంప్యూటర్‌లోనే పాస్‌పోర్టు, ఆధార్ పని చూసుకోవాలి. ఎస్‌ఎంబీ ఒకటో వెర్షన్‌ను విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఆపేయవచ్చు. కానీ మరీ పాత షేరింగ్ ప్రింటర్లు కొన్ని దానిమీదే నడుస్తాయి, ముందే చూసుకోవాలి. ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఒక హార్డ్ డిస్కులో ఉండాలి. కాపీ అయ్యాక ఆ డిస్కును ఊడదీసి పెట్టాలి, ఎందుకంటే తగిలించి ఉన్న డిస్కుకూ వన్నాక్రై తాళం వేసింది.