ఇల్లు, సమాధి, గ్రంథం: సంగీత స్మృతి పరిరక్షణలో బెంగుళూరు నాగరత్నమ్మ కృషి

ఉపోద్ఘాతం

కవి గతించినా కావ్యం మిగులుతుంది. ధ్వనిముద్రణ రాకముందు గాయకుని గానం మాత్రం శిష్యుల కంఠాల్లో తప్ప మరెక్కడా నిలిచే వీలు లేదు. అందుకే సంగీతకారుని వారసత్వాన్ని ఏ రూపంలో నిలపాలన్నది సాహిత్య పరిశోధకులకూ సంబంధించిన ప్రశ్నే. వాగ్గేయకారుని రచన ఏకకాలంలో సాహిత్యమూ సంగీతమూ కావడం ఇందుకు కారణం. ఒక జాజ్ విద్వాంసుని గృహ ప్రదర్శనశాలతో పోలుస్తూ త్యాగరాజస్వామి స్మృతి నిలిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆర్మ్‌స్ట్రాంగ్ గృహం

న్యూయార్క్ నగరంలో క్వీన్స్ ప్రాంతపు కరోనా పేటలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు 1943లో ఒక సామాన్యమైన ఇల్లు కొన్నారు. ఆ ట్రంపెట్ విద్వాంసుడు 1971లో మరణించేవరకు అదే ఆయన నివాసం. భార్య లూసిల్ 1983లో మరణించింది. ఆ ఇల్లు నగరపరమై, 2003లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. ఆయన స్వయంగా ఇంట్లో నింపిన ధ్వనిముద్రణ టేపులు, అతికించి దాచిన పత్రికా కత్తిరింపులు కూడా భద్రంగా ఉన్నాయి. అక్కడ ఇల్లు, ధ్వని, కాగితం మూడూ ఒకే వ్యక్తి జీవితానికి సాక్ష్యాలుగా కలిసి నిలిచాయి.

తిరువైయారులో సమాధి

త్యాగరాజస్వామి (1767-1847) తిరువైయారులోని తిరుమంజన వీథిలో నివసించాడు. అయితే ఆయన స్మృతికి కేంద్రమైనది ఇల్లు కాదు, కావేరీ తీరాన ఉన్న సమాధి. అంతిమకాలంలో సన్న్యాసం స్వీకరించినందువల్ల ఆయన దేహాన్ని దహించక సమాధి చేశారు. కీర్తనలను వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లస్థానం శిష్య పరంపరలు కాపాడాయి. ఈ విధంగా గానం శిష్యుల వద్ద, సాహిత్యం ప్రతుల్లో, స్మృతి సమాధి వద్ద వేరువేరుగా నిలిచాయి.

సమాధి శిథిలావస్థలో ఉందని గురువు బిడారం కృష్ణప్ప రాసిన ఉత్తరంతో నాగరత్నమ్మ (1878-1952) అక్కడికి వెళ్లి, తన సంపాదనను వెచ్చించి 1920లలో ఆలయం నిర్మింపజేసింది. కానీ ఆరాధనోత్సవంలో స్త్రీలు పాడే హక్కు లేకపోయింది. ఆలయం కట్టిన గాయని గొంతుకే ఆ ప్రాంగణంలో చోటు దక్కలేదు. ఆమె స్త్రీల పక్షాన ప్రత్యేక ఆరాధన నిర్వహించింది. వివిధ వర్గాల ఉత్సవాలు 1940ల ఆరంభంలో ఏకమైన తరువాత స్త్రీలకు ప్రవేశం లభించింది. స్థలాన్ని రక్షించడం ఎంత ముఖ్యమో, అందులో ఎవరి గొంతు వినిపించాలో నిర్ణయించడమూ అంతే ముఖ్యమని ఈ చరిత్ర నిరూపిస్తుంది.

గ్రంథ పరిరక్షణ

తంజావూరు ప్రతాపసింహుని ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనాన్ని 1910లో ప్రచురించినదీ నాగరత్నమ్మే. పూర్వ ముద్రణలో విడిచిన పద్యాలను ఆమె చేర్చింది. ప్రభుత్వం ఆ ప్రతిని నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో. కవయిత్రిని కావ్యంలోను, వాగ్గేయకారుని సమాధిలోను ఆమె కాపాడింది. ఈ రెండు కృషులను విడివిడిగా చూసే అలవాటు వల్ల ఆమె పరిరక్షణ దృష్టి పూర్తిగా గ్రాహ్యం కావడం లేదు. విస్మృతిలోకి జారుతున్నదాన్ని యథాతథంగా తరువాతి తరానికి అందించడమే రెంటికీ మూలం.

ముగింపు

రాజమహేంద్రవరంలో వీరేశలింగం గృహం, విజయనగరంలో గురజాడ గృహం రచయితల స్మారకాలుగా నిలిచాయి. సంగీతకారుల విషయంలో తెలుగువారు స్థలం కంటే పరంపరనే ఎక్కువగా నమ్ముకున్నారు. ఆ నమ్మకానికి నేడు పరిమితులు కనిపిస్తున్నాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వంటి ప్రాంతాల్లో విడి ఇళ్లు అపార్టుమెంట్లుగా మారుతున్నప్పుడు గోడలతోపాటు స్వరలిపి పుస్తకాలు, శిష్యుల నోట్లు, క్యాసెట్లు కూడా చెల్లాచెదురవుతాయి. ప్రతి ఇంటినీ ప్రదర్శనశాలగా మార్చడం సాధ్యం కాదు. ఇల్లు కూలకముందే దానిలోని ప్రతిని, ధ్వనిని, ఉపయోగించినవారి వివరాలతో నమోదు చేయడం సాధ్యమే. తెలుగు శాఖలు చేపట్టదగిన క్షేత్రపరిశోధన ఇది. నాగరత్నమ్మ తన కాలంలో ఒంటరిగా చేసిన పని నేడు ఒక సంస్థ చేయగలదు. ఆమె కృషి నుండి గ్రహించవలసిన షరతు ఒక్కటే: స్మారకం నిర్మించినవారిలోనూ, అందులో పాడేవారిలోనూ ఎవరినీ వెలివేయకూడదు.