మన్రోలప్ప ఎవరి పేరు?

మా అవ్వ వాళ్ళ నాయన పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. పాత రిజిస్టరు దస్తావేజులో ‘మండ్రోలప్ప’. తర్వాతి కాలపు అడంగల్‌లో ‘మంద్రాలప్ప’. మొన్నామధ్య భూమి పంపకాల కోసం మా మామ తీయించిన వంశవృక్షం కాగితంలో ‘మంత్రాలప్ప’. ఊరు కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు. మనిషి ఒక్కడే, పొలమూ అదే. పేరు మాత్రం ఒక్కో గుమాస్తా చేతిలో కొంచెం కొంచెం జరుగుతూ చివరికి మంత్రాలయం చేరింది.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఒకే మనిషి మూడు పేర్లతో డేటాబేస్‌లో కనిపిస్తే దాన్ని సరిచేయడం నా రోజువారీ పని. కానీ ఈసారి విషయం ఉద్యోగానిది కాదు. మాకు బాబు పుట్టాడు. మా వైపు పెద్దోళ్ళ పేరు పెట్టడం ఆనవాయితీ. “మంత్రాలప్ప అంటే బాగుండదు గానీ, రాఘవేంద్ర అని పెడదాం, సామి పేరు, పెద్దాయన పేరు రెండూ కలిసొస్తాయి” అన్నాడు నాయన. అందరికీ నచ్చింది. అవ్వ ఒక్కతే అడ్డం తిరిగింది.

“మా నాయిన పేరు సామి పేరు గాదురా. దొర పేరు.”

ఏ దొర అని అడిగితే, “పత్తికొండలో సచ్చిపోయిండ్లా, ఆ దొర” అంది.

పత్తికొండలో చనిపోయిన దొర ఒక్కడే. సర్ థామస్ మన్రో. మద్రాసు గవర్నరుగా పదవి దిగిపోయే ముందు, తాను ఒకప్పుడు కలెక్టరుగా పనిచేసిన ఊళ్ళను చివరిసారి చూసుకోడానికి వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. సీమలో చాలామంది మగపిల్లలకు ‘మన్రోలప్ప’, ‘మన్రోలయ్య’ అని పేరు పెట్టుకొనేవాళ్ళని మన్రో గురించిన పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. చదివినప్పుడు ఇదేదో తెల్లవాళ్ళు తమ గొప్పకు రాసుకున్న మాట అనుకున్నాను. అది మా ఇంటి మాట అని తెలీదు.

అసలు ఈ మన్రో అన్నది ఇంటిపేరు. స్కాట్లండ్ ఉత్తరాన, క్రోమార్టీ అనే సముద్రపు పాయ ఒడ్డున ఫౌలిస్ అనే కోట ఉంది. మన్రో వంశానికి అదే మూలస్థానం. గేలిక్ భాషలో ఈ వంశం వాళ్ళని ‘రోహక్’ లాంటి ఉచ్చారణతో పిలుస్తారు. ‘రో’ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళని అర్థం చెప్తారు. ఐర్లండ్‌లోని రో నది దగ్గర్నుంచి పూర్వీకులు వలస వచ్చారని వంశగాథ. ఇందులో మనకు కొత్తేమీ లేదు. నంద్యాల, కోడుమూరు, చాగలమర్రి అని ఇంటిపేర్లు పెట్టుకొని, ఆ ఊరు వదిలి ఎన్ని తరాలైందో కూడా గుర్తులేని వాళ్ళం మనం. ఊరు వదిలినా ఊరిపేరు వదలకపోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

చిన్న ప్రాంతపు ఇంటిపేరు అయినా కుంఫిణీ కాలంలో మన దేశం మ్యాపు మీద అది మూడు నాలుగు చోట్ల పడింది. 1764లో బక్సర్ యుద్ధం గెలిచిన సేనాని హెక్టర్ మన్రో. 1810 నుంచి 1819 దాకా తిరువాన్కూరులో రెసిడెంటుగా ఉన్న జాన్ మన్రో పేరు మీద కొల్లం దగ్గర అష్టముడి సరస్సులో ఒక దీవి ఇప్పటికీ ఉంది, మన్రో తురుత్తు. సాకి అనే కలంపేరుతో కథలు రాసిన హెక్టర్ హ్యూ మన్రో 1870లో బర్మాలో పుట్టాడు. మన తరానికి బాగా తెలిసిన ఆలిస్ మన్రోకి ఆ ఇంటిపేరు మొదటి భర్త నుంచి వచ్చింది. యుద్ధం, దీవి, కథల పుస్తకం. వీటన్నిట్లోనూ ఇంటిపేరు ఇంటిపేరుగానే ఉంది. అది ఇంకొకరి ఇంట్లో పుట్టిన బిడ్డకి పెట్టుకొనే పేరుగా మారింది మాత్రం మా సీమలో.

థామస్ మన్రో గ్లాస్గోలో 1761లో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దివాలా తీసింది. కొడుకు కుంఫిణీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. అక్కడ వర్జీనియాలో తిరుగుబాటు జరగకపోతే ఇక్కడ మా అవ్వ నాయనకి వేరే పేరు ఉండేదేమో!

1800 అక్టోబరులో నిజాం తన కోసం నిలబెట్టిన కుంఫిణీ సైన్యం ఖర్చు కింద బళ్ళారి, కడప ప్రాంతాలను కుంఫిణీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. మన్రో వాటికి ప్రిన్సిపల్ కలెక్టరు. 1807 దాకా ఏడేళ్ళు ఉన్నాడు, ఏడాదిలో ఎక్కువ భాగం గుడారాల్లో. పొలం పొలం కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతుకే పట్టా ఇచ్చి, రైతు దగ్గరే శిస్తు కట్టించుకొనే రైతువారీ పద్ధతిని ఇక్కడ నిలబెట్టాడు. 1807లో వెళ్ళిపోతూ, శిస్తు మరీ ఎక్కువగా ఉంది, అన్ని భూముల మీదా 25 శాతం, బావుల కింద సాగయ్యే భూములకు అదనంగా మరో 8 శాతం తగ్గించాలని పైవాళ్ళకు సిఫారసు చేశాడు. వాళ్ళు వినలేదు. ఊర్లకు ఊర్లనే గుత్తకిచ్చి చేతులు కాల్చుకున్నారు. మన్రో 1820లో గవర్నరయ్యాక మళ్ళీ రైతువారీ, తగ్గిన శిస్తు వచ్చాయి. వాన లేని నేల మీద బతికేవాడికి నాలుగో వంతు తగ్గడమంటే ఎంతో ఎక్సెల్ షీట్ లేకుండానే తెలుస్తుంది.

ఇక్కడ ఆగిపోతే ఇది పాఠ్యపుస్తకం కథ. మంచి దొర, కృతజ్ఞత గల రైతులు. నేను మొదట ఇక్కడే ఆగాను, నిజం చెప్పాలంటే కొంచెం గర్వపడ్డాను కూడా. కానీ అదే పత్తికొండకు దగ్గర్లో తెర్నేకల్లు ఉంది. 1801లో ఆ ఊరివాళ్ళు శిస్తు కోసం వచ్చిన అధికారిని చంపేశారు. ముత్తుకూరి గౌడప్ప నాయకత్వంలో కోటలో ఉండి కుంఫిణీ సైన్యాన్ని ఎదిరించారు. సైన్యం కోటను పడగొట్టింది, గౌడప్పను ఉరితీసింది. అప్పుడు కలెక్టరు మన్రోనే. ఆ శిస్తు ఎక్కువని ఆయనే రాసింది ఆరేళ్ళ తర్వాత.

పాలెగాళ్ళ సంగతీ అంతే. దత్తమండలాల్లో అప్పటికి 80 మంది పాలెగాళ్ళు ఉండేవాళ్ళు. మన్రో వాళ్ళ బలగాలను రద్దు చేయించి, ఎదిరించినవాళ్ళను తరిమి, లొంగినవాళ్ళకు తవర్జీ అనే భరణం ఇప్పించాడు. ఊరిమీద పడి దోచుకొనే పాలెగాడు పోతే రైతు ఊపిరి పీల్చుకొని ఉంటాడు. కానీ ఆ తవర్జీల మీద రగిలిన అవమానమే రెండు తరాల తర్వాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా లేచింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ని ఉరితీసి, తలను కోట బురుజు మీద ఏళ్ళ తరబడి వేలాడదీశారు. ఒకే సీమలో ఒక ఇంట్లో మన్రో పేరుతో బిడ్డను పిలుస్తుంటే, ఇంకో ఊళ్ళో నరసింహారెడ్డి మీద పాట కట్టి పాడుతున్నారు. ఆ రెండు పనులూ చేసింది ఒకే ఇంటివాళ్ళు కూడా అయ్యుండొచ్చు. నాకు అది ఇప్పుడు వింతగా అనిపించట్లేదు.

పేరు దగ్గరకే వస్తాను. మన్రో సరే, మధ్యలో ఆ ‘ల’ ఎక్కడిది? నా లెక్క ఇది. మనం గౌరవించే పేరుకు ‘లు’ చేరుస్తాం. రాముడు రాములయ్యాడు, శ్రీనివాసుడు శ్రీనివాసులయ్యాడు, ఆంజనేయుడు ఆంజనేయులయ్యాడు. దొర దొరలవుతాడు, స్వామి స్వాములవుతాడు. అట్లే మన్రో ‘మన్రోలు’ అయ్యుంటాడు. దానికి బళ్ళారి, ఆలూరు, ఆదోని వైపు కన్నడ గాలికి ‘అప్ప’ చేరింది. ఇంకొన్ని చోట్ల ‘అయ్య’. ‘న్ర’ పలకడం కష్టమై మధ్యలో ‘డ’ వచ్చి మండ్రోలప్ప అయింది. అంటే వాళ్ళు దొర పేరును ఉన్నదున్నట్టు తెచ్చి అతికించుకోలేదు. ముందు తెలుగు చేసి, ఊరిమనిషిని చేసి, ఆ తర్వాతే ఉయ్యాలలో వేశారు. ఇంటిపేరు ముందుండి అసలు పేరు తర్వాతుండే మన పద్ధతిలో, ఆయన ఇంటిపేరు మా వాళ్ళకి ఒంటిపేరయింది. థామస్ అన్న అసలు పేరు ఎవరికీ పట్టలేదు.

దేవుళ్ళ కథల్లోకి కూడా ఇట్లాగే లాక్కున్నారు. మంత్రాలయం మఠం భూముల విషయం తేల్చడానికి వచ్చిన మన్రోతో బృందావనంలోంచి రాఘవేంద్రస్వామి మాట్లాడాడని, పక్కనున్నవాళ్ళకి ఆ మాటలు వినబడలేదని కథ. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండను చీల్చుకొచ్చే గండి దగ్గర, రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం మన్రో కంటబడిందని, అది కనబడిన వాడికి చావు దగ్గరపడినట్టేనని ఇంకో కథ. తిరుమలలో ప్రసాదం వండే ఒక పాత్రకు మన్రో గంగాళం అని పేరు. ఇవి జరిగాయా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. పరాయి పాలకుడిని తమ దేవుడి ముందు నిలబెట్టి, దేవుడు మాట్లాడేంత మంచివాడని ఒక కథలో, దేవుడి తోరణం చూసి కూడా చావు తప్పించుకోలేని మనిషేనని ఇంకో కథలో చెప్పుకున్నారు. శిస్తు లెక్క ఆయనది, ఈ లెక్క జనానిది.

అయితే అందరు దొరల పేర్లూ ఇట్లా ఇంట్లోకి రాలేదు. మన ఊర్ల కైఫియత్తులు రాయించిన కాలిన్ మెకంజీ కూడా స్కాట్లండ్ వాడే, లూయిస్ దీవిలోని స్టోర్నోవే మనిషి. కడపలో ఆయన కైఫియత్తులు పుస్తకాలుగా వచ్చాయి కానీ మెకంజప్ప ఉన్నాడని నేను వినలేదు. బ్రౌన్ పేరు కడపలో గ్రంథాలయానికి ఉంది, దాన్ని నిలబెట్టిన జానమద్ది హనుమచ్ఛాస్త్రిని బ్రౌన్ శాస్త్రి అనేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు బిరుదుగా ఇచ్చిన పేరు అది. మన్రోలప్ప అట్లాంటిది కాదు. దాన్ని పెట్టినవాళ్ళలో ఎక్కువమంది సంతకం రానివాళ్ళు.

పేర్లు వదిలేయడం కూడా వీళ్ళకు తెలుసు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని అర్థమొచ్చే ‘దత్తమండలాలు’ మాకొద్దని, 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ను తీసుకున్నారు. దత్తత పేరు పోయింది. దత్తత తీసుకోడానికొచ్చిన కలెక్టరు పేరు ఇంకొన్నాళ్ళు పిల్లల్లో మిగిలింది.

వెతుకుతుంటే ఇంకో సంగతి దొరికింది. మన్రోకి 1825లో వంశపారంపర్యమైన బారనెట్ బిరుదు ఇచ్చారు. నాలుగో బారనెట్ ఆయన మనవడు సర్ హ్యూ మన్రో. ఈయనకి కొండలెక్కే పిచ్చి. స్కాట్లండ్‌లో 3000 అడుగులు దాటిన కొండలన్నిటికీ 1891లో జాబితా వేశాడు. ఇప్పుడా కొండలనే ‘మన్రో’లంటారు. ప్రస్తుత లెక్క 282. వారాంతాల్లో ఒక్కో మన్రో ఎక్కి టిక్కు పెట్టుకొనేవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. తాత మా పొలాలు కొలిపించి పట్టిక వేశాడు, మనవడు వాళ్ళ కొండలకు పట్టిక వేశాడు. అక్కడ ఇంటిపేరు కొండకు పేరయింది, ఇక్కడ సేద్యం చేసే మనిషికి పేరయింది. కొండల జాబితా అందరి ఫోన్లలో ఉంది. మన్రోలప్పల జాబితా ఎవరి దగ్గరా లేదు.

అవ్వ నాయన 1905 ప్రాంతంలో పుట్టుంటాడని ఇంట్లో అంచనా. మన్రో పోయి అప్పటికి దాదాపు 80 ఏళ్ళు. తాత పేరు మనవడికి పెట్టే లెక్కన వెనక్కి పోతే, ఆయన తాతకో, ఆ తాత తాతకో ఈ పేరు మొదట పెట్టి ఉండాలి. అంటే అవ్వ నాయనకి పేరు పెట్టిననాడు వాళ్ళు తలుచుకున్నది దొరను కాదు, తమ తాతను. అప్పటికే అది మన పేరు.

ఇది అవ్వకి చెప్పాను. “మరి పెడ్తావా ఆ పేరు?” అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. తెర్నేకల్లు గుర్తొచ్చింది. బెంగళూరు స్కూల్లో హాజరు పిలవడం కూడా గుర్తొచ్చింది, దాచడమెందుకు. “పెట్టకపోతే మాన్లే. సామి పేరని మాత్రం అబద్దం రాయొద్దు” అంది.

బాబుకి వేరే పేరు పెట్టాం, రాఘవేంద్ర కూడా కాదు. వంశవృక్షం కాగితంలో తప్పు సరిచేయమని అర్జీ నేనే రాసి మా మామకి పంపాను. ‘మంత్రాలప్ప’ కొట్టేసి, దస్తావేజులో ఉన్నట్టే ‘మండ్రోలప్ప’ అని రాయాలని కోరాను. కారణం అని ఉన్నచోట ఒకే లైను ఖాళీ ఉంది. ‘అసలు పేరు అదే కాబట్టి’ అని రాశాను.